పరగడుపు

"ఒక్క ఇల్లే మిగిలింది మేడమ్, కంకిపాడు అవతల. ఆ మామ్మగారు పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇదిగో వచ్చేస్తున్నా, అప్పటిదాకా పాపకి ఏం పెట్టకండి అని చెప్తూనే ఉన్నా."

ఫోన్‌లో యేసుకుమార్ ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. ఇళ్ళకి వెళ్ళి రక్తం నమూనాలు తీసుకొచ్చే మనిషికి అది రోజూ నోట్లో నానే మాటే. కానీ గవర్నర్‌పేటలో లాడ్జి రిసెప్షన్ బల్ల వెనక నిలబడి వింటున్న వినీలకి, ఎదుటి మనిషికి గది తాళం ఇవ్వబోతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏం పెట్టకుండానా? నీకెవరు చెప్పమన్నారు?"

"అదేంటి మేడమ్, బుకింగులో ఫాస్టింగ్ అనే ఉందిగా."

ఉంది. ఆ బుకింగు చేసింది వినీలే.

అరుదైన జన్యు వ్యాధులతో పుట్టిన పిల్లల కుటుంబాలకి తోడుగా నిలిచే చిన్న బృందం ఒకటి విజయవాడలో ఉంది. వన్ టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే పాండురంగయ్య దానికి పెద్ద దిక్కు. లాడ్జి ఉద్యోగం చేసుకుంటూనే వినీల మొన్న వేసవిలో అందులో చేరింది. డాక్టర్ల అపాయింట్‌మెంట్లు, ఊళ్ళ నుంచి వచ్చే తల్లిదండ్రులకి తక్కువలో గదులు, పిల్లల పరీక్షలు ఆమె చూసుకుంటుంది. వచ్చే ఆదివారం పెద్ద డాక్టరు వస్తున్నాడని పిల్లలందరికీ రక్తపరీక్షలు ఒక్కసారే బుక్ చేసింది. ఫాస్టింగ్ అన్న చోట టిక్కు దానంతటదే పడి ఉంది. విజయవాడలో ఇంటికొక షుగరు మనిషి. రక్తపరీక్ష అంటే పరగడుపే అన్నది అందరి ఒంట్లో ఇంకిపోయిన సంగతి. వినీల చెయ్యి ఆ టిక్కు మీద ఆగలేదు.

మిగతా పిల్లలకి దాంతో వచ్చిన నష్టమేమీ లేదు. భావనకి ఉంది.

నాలుగేళ్ళ భావన కాలేయం ఒక గాదె లాంటిది. నిండా చక్కెర ఉంటుంది కానీ తలుపు తెరుచుకోదు. అందరికీ అన్నం అరిగాక ఒంట్లో దాచుకున్న చక్కెర మెల్లగా బయటికొచ్చి ఆదుకుంటుంది. భావనకి రాదు. అందుకని పగలూ రాత్రీ కొన్ని గంటలకొకసారి పచ్చి మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి తాగించాలి. ఒక్క పూట తప్పితే రక్తంలో చక్కెర పాతాళానికి పోతుంది. అటు తర్వాత మూర్ఛ. ఆ పైన ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"యేసుకుమార్, నువ్వు ఎన్నింటికి వెళ్ళాల్సింది అక్కడికి?"

"పొద్దున్నే వెళ్ళాలండి. మధ్యలో పెనమలూరులో కడుపుతో ఉన్నావిడకి గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష తగిలించారు. అది తాగాక రెండు గంటలు అక్కడే కూర్చోవాలి కదా. ఇప్పుడే అయింది."

వినీల గోడ గడియారం చూసింది. తెల్లవారుజామున తాగించిన పిండే ఆఖరిదై ఉండాలి. పొద్దుటి పిండి ఆగిపోయింది. ఇప్పుడు ఎండ నడినెత్తికి వస్తోంది.

"ఇప్పుడే ఆవిడకి ఫోన్ చెయ్. పరీక్ష లేదు, వెంటనే పిండి తాగించమని చెప్పు. చెప్పి బండి తియ్. నేనూ చేస్తున్నా."

భావన తల్లిదండ్రులు రేణుక, ఉమామహేశ్ ఊళ్ళో లేరు. రేణుకకి మళ్ళీ నెల తప్పింది. లోపలి బిడ్డకీ ఈ జబ్బు ఉందో లేదో చూపించుకోవడానికి హైదరాబాదు వెళ్ళారు. ఇద్దరి ఫోన్లూ మూగబోయి ఉన్నాయి. పాప దగ్గర ఉన్నది నాయనమ్మ భద్రమ్మ ఒక్కతే. వినీల ఆవిడని ఎప్పుడూ చూడలేదు.

మొదటి రింగుకే ఎత్తింది.

"ఎవురు?"

"భద్రమ్మగారూ, నేను వినీలనండి, పాండురంగయ్యగారి బృందం నుంచి. పాపకి వెంటనే పిండి తాగించండి. పరీక్ష సంగతి వదిలెయ్యండి."

అటు వైపు మగ్గం చప్పుడు వినపడుతోంది. పక్కింట్లోదై ఉంటుంది.

"నువ్వెవరో నాకు తెలవదమ్మా," అంది భద్రమ్మ. "పాండురంగయ్యగారి పేరు చెప్పి పోయిన నెల్లో ఒకాయన ఫోన్ చేశాడు. ఆ పిండి ఆపేయండి, మా కషాయం వాడండి, జబ్బు వేళ్ళతో సహా పోద్దన్నాడు. నువ్వు ఆయన మనిషివేనా?"

"కాదండీ. నేను పిండి ఆపమనట్లేదు, ఇమ్మంటున్నా."

"ఆ రక్తం తీసే అబ్బాయి వద్దంటాడు, నువ్వు ఇమ్మంటావు. పొద్దుట్నించీ పిల్లని ఆకలికి మాడ్చి కూర్చోబెట్టా. ఇప్పుడు పెడితే పరీక్ష పాడైపోయి రేపు మళ్ళీ మాడ్చమంటారు. నా వల్ల కాదమ్మా. పెద్దాయన్ని చెప్పమను, పెడతా."

ఫోన్ పెట్టేసింది.

ఆవిడ తప్పు కాదు. నయం చేస్తామని ఈ కుటుంబాల వెంటపడే మాయగాళ్ళకి అంతు లేదు. అందుకే పాండురంగయ్య ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి ఒకటే మాట చెప్పి వచ్చాడు. నా గొంతు గుర్తుపడితేనే వినండి, లేకపోతే ఎంత తియ్యగా చెప్పినా వినొద్దు. భద్రమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తోంది. రక్తం తీసే అబ్బాయి వస్తాడని ఆయనే ముందు చెప్పి ఉంచాడు కాబట్టి యేసుకుమార్ మాట విన్నది.

వినీల పాండురంగయ్యకి చేసింది. ఆయన కోడలు ఎత్తింది.

"మావయ్యగారిని ఇందాకే లోపలికి తీసుకెళ్ళారండీ. కంటి ఆపరేషన్. ఫోన్ నా దగ్గరే ఉంది."

"బయటికి రాగానే నాకు చేయించండి. ఒక పాప ప్రాణం మీదికొచ్చింది."

ఇంతలో యేసుకుమార్ నుంచి ఫోన్. గొంతులో ఇందాకటి తాపీ లేదు.

"చెప్పానండీ. నన్నే తిట్టింది. పొద్దుట్నించీ వద్దని ఇప్పుడు మాట మారుస్తావా, ఆ పిల్ల నిన్ను కూడా బుట్టలో వేసిందా అంటోంది. బండి తీశానండి. కాలువ గట్టు రోడ్డు తవ్వేసి ఉంది, చుట్టు తిరిగి వెళ్ళాలి."

"వెళ్ళు."

లాడ్జి మేనేజరు గోపీనాథ్ ఇదంతా వింటూనే ఉన్నాడు. ఒక ముక్క అడగలేదు. వినీల చేతిలోంచి గది తాళం తీసుకుని, "కౌంటరు నేను చూసుకుంటానమ్మా. సొలొమోను బయటే ఉన్నాడు," అన్నాడు.

సొలొమోను ఆటో లాడ్జి ముందే ఉంటుంది. ఊళ్ళో సిగ్నళ్ళన్నీ తన కోసమే ఎర్రబడతాయని అతని నమ్మకం. వినీల ఎక్కుతూ కంకిపాడు అనగానే వెనక్కి తిరిగి చూశాడు.

"కంకిపాడా? బస్సుకి వెళ్ళచ్చుగా అమ్మా, ఏసీ కూడా..." అని ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "కూర్చోండి."

వినీల దారిలోనే 108కి చేసింది. పాప వయసు, జబ్బు పేరు, ఊరు, వీధి గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. చక్కెర బాగా పడిపోయి ఉంటుందని రెండుసార్లు చెప్పింది. బండి బయల్దేరుతుందన్నారు. బెంజి సర్కిల్ దగ్గర బస్సుల మధ్య ఆటో ఇరుక్కుపోయింది. సొలొమోను సగం ఒళ్ళు బయటికి పెట్టి ముందున్న కారాయన్ని బతిమాలాడు.

"అన్నా, ఓ అడుగు. ఆ అడుగులో నీ ఆస్తేం పోదు."

కారు జరిగింది. ఆటో సందులోంచి దూరి బందరు రోడ్డెక్కింది.

భద్రమ్మకి మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఆవిడ కట్ చేసింది. వినీల సొలొమోను వైపు చెయ్యి చాపింది.

"అన్నా, నీ ఫోన్ ఇవ్వు. నా నంబరు ఎత్తట్లేదు."

అతను లాక్ తీసి వెనక్కి అందించాడు. వినీల నంబరు నొక్కింది కానీ వెంటనే కలపలేదు. ఈసారి కూడా ఆవిడ పెట్టేస్తే ఇక ఎత్తదు. ఏం చెప్పాలి? పెట్టండి అంటే పెట్టదు. ఒట్లు పెట్టుకున్నా వినదు, కషాయం వాళ్ళూ ఒట్లు పెట్టుకునే ఉంటారు. జబ్బు గురించి ఆవిడకి చెప్పేదేముంది, రాత్రుళ్ళు లేచి పిండి కలిపేది ఆవిడే.

పచ్చ బటన్ నొక్కింది.

"ఎక్కడున్నావు నాయనా?" అంది భద్రమ్మ. వినీల నంబరు కాకపోయేసరికి యేసుకుమారే అనుకుంది. గొంతు అలిసిపోయి ఉంది.

"నేనేనండీ, ఇందాకటి వినీలని. పెట్టేయబాకండి. నేనేం చెప్పను. ఒక్క మాట అడుగుతా అంతే."

అటు వైపు ఊపిరి వినపడుతోంది.

"పాప పొద్దున ఆకలని ఏడ్చిందా?"

"ఏడవదా మరి? పసిపిల్ల." అంది భద్రమ్మ. "నాయనమ్మా పిండి, నాయనమ్మా పిండి అని కాళ్ళు పట్టుకుంది. నా గుండె రాయి చేసుకుని కూర్చున్నా. మీవాళ్ళే కదా చెప్పింది. ఒక్కనాడు టైము తప్పించినదాన్ని కాదు నేను. మీరు వద్దన్నారని ఆపా."

"ఇప్పుడు ఏడుస్తోందా?"

జవాబు రాలేదు.

"భద్రమ్మగారూ, ఇప్పుడు ఏడుస్తోందా?"

"లేదు," అంది ఆవిడ నెమ్మదిగా. "ఏడ్చి ఏడ్చి పడుకుంది."

"నాకొక తమ్ముడుండేవాడండీ, నతానియేలు. వాడూ ఇట్టాగే పొద్దున్నే ఆకలని ఏడిచేవాడు. ఏం జబ్బో మాకు తెలీదు. ఒకరోజు జ్వరంలో ఏమీ తినలేదు. చాలాసేపు ఏడ్చి ఊరుకున్నాడు. పోనీలే, నిద్రపోయాడు అంది మా అమ్మ. దుప్పటి కప్పింది. నేను పక్కనే కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్నా. అది నిద్ర కాదండీ." వినీల ఆగింది. "నా మాట నమ్మబాకండి. మీరు వెళ్ళి పాపని లేపండి. లేచి మీ మొహం చూస్తే ఫోన్ పెట్టెయ్యండి."

ఆటో పోరంకి దాటింది. ఫోన్‌లో కాళ్ళ చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు. ఆ తర్వాత భద్రమ్మ గొంతు, మొదట మామూలుగా, తర్వాత మామూలుగా కాకుండా.

"భావనా. అమ్మలూ. లేమ్మా, పిండి తాగుదువు. భావనా. చెమట్లు పట్టాయేందే. ఒళ్ళంతా చల్లగా ఉందే. భావనా."

"స్పీకర్ పెట్టండి భద్రమ్మగారూ. ఫోన్ కింద పెట్టండి. నేను చెప్పేది వినపడుతోందా?"

"కళ్ళు తెరవట్లేదమ్మా. చెయ్యి ఎగిరెగిరి పడతా ఉంది."

"పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా వద్దు. నోట్లో నీళ్ళు పోయొద్దు, పిండి పోయొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. ఇంట్లో గ్లూకోజ్ పొడి ఉందా?"

"అయిపోయింది. రేణుక తెస్తానంది."

"పంచదార?"

"ఉంది."

"నాలుగు చుక్కల నీళ్ళతో ముద్దగా తడపండి. వేలితో తీసి చిగుళ్ళకి, బుగ్గ లోపలివైపు రాయండి. పళ్ళ మధ్య వేలు పెట్టొద్దు. కొంచెం కొంచెం. రాస్తూనే ఉండండి."

డబ్బా మూత దొర్లిన చప్పుడు వచ్చింది. తర్వాత చాలాసేపు భద్రమ్మ గొణుగుడు మాత్రమే, దేవుడి పేరో మనవరాలి పేరో తెలియకుండా. సొలొమోను హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. వినీల రెండు చేతులతో ఫోన్ పట్టుకుని కూర్చుంది. చెప్పాల్సింది అయిపోయింది. ఇక వినడం తప్ప చేసేదేమీ లేదు, అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

"రాస్తున్నారా?"

"రాస్తన్నా." మళ్ళీ కాసేపటికి, "ఎగరడం తగ్గిందమ్మా. కానీ లెగట్లేదు."

"ఊపిరి?"

"ఆడతంది."

అప్పుడే ఫోన్‌లో బండి ఆగిన చప్పుడు, వెంటనే యేసుకుమార్ గొంతు. "మామ్మగారూ, జరగండి, నా దగ్గర గ్లూకోజ్ ఉంది." పెనమలూరు పరీక్ష కోసం తెచ్చుకున్న పొట్లాల్లో ఇంకొకటి సంచిలో మిగిలింది. ఆ పొట్లం చింపిన చప్పుడు వినపడుతుండగానే లైను తెగిపోయింది. సొలొమోను ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

వినీల తన ఫోన్ తీసి చేసింది. ఎత్తలేదు. యేసుకుమార్‌కి చేసింది. ఎత్తలేదు.

"ఎత్తట్లేదంటే పనిలో ఉన్నారని అమ్మా," అన్నాడు సొలొమోను. "ఏమన్నా అయితే మనుషులు ముందు ఫోనే ఎత్తుతారు."

అది నిజమో, తనని ఊరడించడానికి అప్పటికప్పుడు పుట్టించాడో ఆమెకి తెలియలేదు. గంగూరు దాటి కంకిపాడు పొలిమేరలో ఉండగా ఎదురుగా సైరన్ వినపడింది. 108 బండి దుమ్ము రేపుకుంటూ విజయవాడ వైపు పోయింది. దాని వెనకే హెల్మెట్ లేకుండా, మెడలో సంచి ఊగుతుండగా యేసుకుమార్ బైకు.

సొలొమోను అడగకుండానే ఆటో తిప్పాడు.

ఆస్పత్రి వరండాలో భద్రమ్మ నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బెంచీ ఖాళీగా ఉన్నా దాని మీద కూర్చోలేదు. కుడిచేతి వేళ్ళకి పంచదార పాకంలా ఎండిపోయి అంటుకుని ఉంది. యేసుకుమార్ దూరంగా స్తంభం దగ్గర నిలబడి, వినీలని చూడగానే తల దించుకున్నాడు.

"బండిలోనే డ్రిప్ పెట్టారండి," అన్నాడు. "కళ్ళు తెరిచింది. లోపల చూస్తున్నారు."

వినీల వెళ్ళి భద్రమ్మ ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఆవిడ ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా?"

"నేనేనండీ."

"చిన్నపిల్లవే. గొంతు పెద్దదాని మాదిరి ఉంటే..." ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. "నా తమ్ముడి కూతుర్నే నేను కోడలిగా తెచ్చుకున్నా. వద్దని వాడన్నా నేనే పట్టుబట్టా. మేనరికం వల్లే ఇట్టాంటి జబ్బు తేలిందని డాక్టరు చెప్పిన రోజు నుంచి రాత్రి పిండి నేనే కలుపుతున్నా. వాళ్ళిద్దర్నీ లెగనివ్వను. అంత చేసి, ఇయ్యాళ నా చేతుల్తోనే..."

వినీల ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"మీ చేతులతో కాదు. ఫాస్టింగ్ అని బుక్ చేసింది నేను. చూసుకోకుండా చేశా. ఈ అబ్బాయి అందులో ఉన్నదే మీకు చెప్పాడు. మీరు మమ్మల్ని నమ్మారు. అంతే జరిగింది."

భద్రమ్మ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. యేసుకుమార్ స్తంభం దగ్గర్నుంచి ఒకడుగు ముందుకేసి ఆగిపోయాడు. తిడుతుందేమో, చెయ్యెత్తుతుందేమో అనుకుంది వినీల. అలా చేసినా బాగుండునని కూడా అనుకుంది.

నర్సు తలుపు తీసి, "భావన వాళ్ళెవరండీ? మాట్లాడుతోంది, రండి," అంది.

పాప మంచం మీద నీరసంగా ఉంది. చేతికి సూది, మూతి చుట్టూ పంచదార. నాయనమ్మని చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"నువ్వు పిండి ఇవ్వలా," అంది గోడతో.

భద్రమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. డ్యూటీ డాక్టరు శౌరయ్య పేషెంట్ల మొహాలు చూసి మాట్లాడే మనిషి. ఆవిడతో నెమ్మదిగా, "ఆ పంచదార రాయకపోతే మేమిక్కడ చేసేది ఏమీ ఉండేది కాదమ్మా," అన్నాడు. "డ్రిప్ సాయంత్రం దాకా ఉండనిద్దాం. దాంతోపాటు మామూలు టైముకి పిండి కూడా మొదలుపెట్టండి. రేపు ఇంటికి పంపిస్తా."

అప్పుడు వచ్చింది రేణుక నుంచి ఫోన్. తెర మీద కోడలి పేరు చూసి భద్రమ్మ ఫోన్ రెండు చేతుల మధ్య దాచేసుకుంది, మోత వినపడకూడదన్నట్టు. వినీల చెయ్యి చాపింది. ఆవిడ ఇచ్చేసింది.

వినీల బయటికొచ్చి అంతా చెప్పింది. ముందు పాప బాగుందని, తర్వాత ఏం జరిగిందో, ఎవరి తప్పో. సాకులు చెప్పలేదు. అటు వైపు రేణుక ఏడవడం, ఉమామహేశ్ ఏమైందే అని అడగడం, మళ్ళీ రేణుక గొంతు.

"ఇప్పుడు ఏం పెట్టారు దానికి?"

"డ్రిప్ ఉందండి. పిండి ఇంకాసేపట్లో ఇమ్మన్నారు."

"మా అత్త ఏం చేస్తోంది?"

"నిలబడే ఉన్నారు."

"రాత్రంతా పడుకుని ఉండదు. నేను లేకపోతే అసలు పడుకోదు." రేణుక ముక్కు ఎగబీల్చింది. "మీ మీద నాకు చాలా కోపంగా ఉంది వినీలగారూ. దాని సంగతి వచ్చాక మాట్లాడతా. మేము బస్సెక్కినా వచ్చేసరికి రాత్రవుద్ది. అప్పటిదాకా మీరు అక్కడుంటారా?"

"ఉంటానండి."

"మరి మీ పరీక్ష..." అని అడగబోయి ఊరుకుంది వినీల. ఇప్పుడు అడిగే హక్కు తనకి లేదనిపించింది. రేణుకే చెప్పింది, ఫలితం రావడానికి ఇంకా వారాలు పడుతుందట.

లోపలికి వెళ్ళేసరికి భద్రమ్మ తన సంచిలోంచి పిండి డబ్బా, కొలత చెంచా, మూత ఉన్న గ్లాసు తీసి మంచం పక్కన బల్ల మీద వరసగా పెడుతోంది. అంబులెన్సు ఎక్కే తొందరలో కూడా అవి మర్చిపోలేదు.

"రేణుక ఏమంది?"

"కోపంగా ఉందండి. నా మీద."

"ఉండదా?" అంది భద్రమ్మ. "నాకూ ఉంది," అంది. అని చెంచా వినీల చేతిలో పెట్టింది. "ఇదిగో, ఈ గీత దాకా. చన్నీళ్ళే పొయ్యాలి, వేడి తగిలితే పనికిరాదు. తాగుతావా అని అడగబాకు, వద్దంటది. ఏదో ఒకటి మాట్లాడిస్తా తాగించు. సగంలో ఆపితే మళ్ళీ కలిపి ఇయ్యాలి."

"నేనా?"

"నా మీద అలిగింది కదా, నా చేత్తో తాగదు. నాక్కూడా కళ్ళు మూతలు పడతన్నాయి. టైమైనప్పుడు నువ్వు తాగించు."

ఆవిడ పక్క ఖాళీ మంచం మీద నడుం వాల్చి కొంగు మొహం మీదికి లాక్కుంది. యేసుకుమార్ ఫ్యాను స్విచ్చి వేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు.

టైమైంది. వినీల గీత దాకా పిండి కొలిచింది. నీళ్ళు పోసి కలిపింది. భావన ఇటు తిరిగి, ఈ కొత్త మనిషిని అనుమానంగా చూస్తోంది. పిండి అడుక్కి దిగిపోకుండా వినీల గ్లాసులో చెంచా తిప్పుతూ, ఆటో సొలొమోను సిగ్నళ్ళతో పడే గొడవల గురించి మొదలుపెట్టింది.